పొట్లం

తుఫాను వెళ్ళాక బెయిరాలో
పటాల గదికి పైకప్పు లేదు.
తడిసిన నీలి నకళ్ళను జుల్మీరా
చేపల వలల మీద ఆరేసింది.
ఆసుపత్రి, రైలు స్టేషను, ఎవరూ కట్టని సినిమా హాలు,
అన్నీ ఉప్పు వాసన.

కప్పు వేయడానికి మేస్త్రీ ఒర్లాందు
ఈ భవనం పటమే అడిగాడు.
అదొక్కటే లేదు.

మూడో వారం, బజారులో
వేరుశనగ పొట్లం విప్పుతుంటే
వేళ్ళ కింద వాన గొట్టం వాలు,
పక్కన ఎవరిదో పెన్సిలు రాత:
ఇక్కడ నీరు నిలుస్తుంది, జాగ్రత్త.

గంపెడు పొట్లాలూ కొనేసింది.
అమ్మే ఆవిడ నవ్వింది, ఇంత ఆకలా అని.

రాత్రంతా ఆఫీసు పల్లీలు నమిలింది,
నేలమీద ముక్కలు అతికింది.
ఈశాన్యం మూల మాత్రం
ఎవరు తిని పారేశారో.

ఒర్లాందు పైకెక్కి జానలేసి కొలిచాడు.
జాబితాలో జుల్మీరా రాసుకుంది:
మూల, మేస్త్రీ చేతి లెక్క, పదకొండు జానలు.