ఐసు స్త్రీలింగం

తెల్లారి అయిదుంబావుకి
చేపలరేవు ఐసు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి
పెదజాలారిపేట సందు మొదట్లో నేను సైకిలు ఆపేసరికి
మా నూకరత్నం గుమ్మంలో ఉంటుంది,
చెయ్యి చాపుకుని.
నాకోసం కాదు. ఫోన్ కోసం.

వేళ్ళింకా కొంకర్లు పోయే ఉంటాయి నాకు.
తాళం తీసే గీత స్క్రీన్ మీద సరిగా పడదు.
"ఇలా తే" అని లాక్కుంటుంది.
డేటా ఎంత మిగిలిందో చూస్తుంది ముందు,
తర్వాతే నా మొహం.

నెలకి నూట ఇరవై.
రాత్రిళ్ళు నేను మానేసిన టీలు లెక్కేస్తే సరిపోయింది,
ఇంకో ఎనిమిది రూపాయలు మిగిలాయి కూడా.
ఇంత చవకేటని అడిగాను మొదట్లో.
"పక్కన కూకుని చెప్పేవోళ్ళుండరు నాన్నా,
మనమే చదువుకోవాల. అందుకు."
ఏడు నిమిషాలు ఒకావిడ మాట్లాడుతుంది.
ఆగిపోతుంది.
ఇక మిగతాదంతా ఈ పిల్లా, ఆ కాగితమూ.
కాగితం జిరాక్సు షాపులో రెండ్రూపాయలు.
ఐసు చీటీ వెనక తనే రాసుకుంది టైంటేబులు:
సోమవారం అంకెలు, మంగళవారం రంగులు,
బుధవారం నెట్ వస్తే వినడం.
'వస్తే' కింద రెండు గీతలు.
పదిహేను రోజులకోసారి ఫొటో తీసి పంపిస్తే
ఎక్కడో ఉన్న ఆవిడ ఒక ఆకుపచ్చ టిక్కు పెట్టి వెనక్కి పంపుతుంది.
ఆ టిక్కు కోసం చూసినట్టు మా పేటలో
పోలమాంబ జాతర కోసం కూడా ఎవరూ చూడరు.

నేను చాప మీద వాలి కళ్ళు మూసుకుంటాను.
నిద్ర రాదు. అంటే, వస్తుంది, కానీ
ఏఁ, దో, త్రువా అంటూ దాని మీద నడుచుకుంటూ పోతుంది పిల్ల.
దో నాకూ తెలుసు. అక్కడ కూడా రెండేనట.
సగం మాటలు ముక్కులోంచి రావాలట.
పడిశెం పట్టినోళ్ళ భాష అన్నాను. నవ్వలేదు.
వెనక్కి జరిపి అదే మాట మళ్ళీ విన్నది, నాలుగోసారి,
ఒడ్డుకొస్తున్న బోటు ఇంజను మోతలో.

కొన్ని మాటల చివర అక్షరాలు రాస్తారట, పలకరట.
"మరి రాయడం దేనికే?"
"ఉండాల నాన్నా. లేకపోతే తప్పు."
మా హాజరు పుస్తకం గుర్తొచ్చింది.
అందులో నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా ఉంటుంది.
పిలిచేది మాత్రం "ఒరే ఐసూ" అని.

నిన్న పొద్దున్న తనే అడిగింది:
"గ్లాస్ అంటే ఏటో చెప్పు."
లేచి కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి తెచ్చాను.
ఇంగ్లీషులో నాకు ధైర్యమున్న మాటల్లో అదొకటి.
నీళ్ళు తాగేసి, తల అడ్డంగా ఊపింది.
"గ్లాస్ అంటే ఐసు. నీ ఐసే.
అద్దం కూడా గ్లాసేనంట.
అది ఆడది."
"అద్దమా?"
"ఐసు కూడా. సముద్రం కూడా. పడవ మగాడు."

పొయ్యి దగ్గర్నుంచి వాళ్ళమ్మ: "మరి మనకో?"

పెన్సిల్ కొరుకుతూ చాలాసేపు కూర్చుంది.
ఈ ప్రశ్న ఫోన్లో లేదు. కాగితం మీదా లేదు.
"మనకి... బండొచ్చింది. ఐసొచ్చింది. అమ్మొచ్చింది.
అందరికీ ఒకటే 'చ్చింది'.
నాన్నే, వచ్చాడు."

గరిటె ఆగింది.
"ఎవులు చెప్పారే నీకిది?"
"ఎవులూ చెప్పలేదు."

రాత్రి, డబ్బాని నీళ్ళలో ముంచి తిరగేస్తే
నూట ముప్పై కిలోల దిమ్మ
సర్రున జారి వచ్చింది.
వచ్చింది, అనుకున్నాను.
కొక్కెం వెయ్యబోయి ఆగాను.
ట్యూబులైటు కింద, లోపలి బుడగల మధ్య
వంకరగా ఒక మొహం.
నాదే అయ్యుండాలి.
"బేగి కానీరా" అని మేస్త్రి కేకేశాడు.
గొంతు తగ్గించి, ఒక్కసారి అన్నాను:
గ్లాస్.

తప్పో ఒప్పో
అయిదుంబావుకి అడగాలి.