చిల్లర

శ్రీకాకుళం కాంప్లెక్సులో మా మొదటి బండి
అయిదుంపావుకి.
అప్పటికే నేను
ఒక రోజంతా బతికేసి వస్తాను.

కుక్కరు మూత, చిన్నోడి సాక్సు,
అత్తకి అన్నానికి ముందో మాత్ర, తర్వాతో మాత్ర,
రెండూ ఒకటే రంగు.
మోటారు కట్టేశానా లేదా అన్న అనుమానం మటుకు
రోజూ నాతోపాటే బస్సెక్కుతుంది,
టిక్కెట్టు తీసుకోదు.

పెద్ద కష్టాలు కావు నావి.
పెద్దవైతే నలుగురూ వచ్చేవారు,
కుర్చీలు వేసి టీ ఇచ్చేవాళ్ళం.
ఇవి చిల్లర.
రూపాయి, రెండ్రూపాయలు, అయిదు.
ఎవరికని చెప్తాం?
కానీ పొద్దస్తమానం మోస్తే
చిల్లరకున్నంత బరువు నోట్లకుండదు.
ఎడమ భుజాన సంచి పట్టీ కోసిన గీత
సబ్బుకి పోదు.

అంపోలు దగ్గర ఇరవై మంది.
గారలో ఇంకో ముప్పై, రెండు కోడిపుంజులు,
ఒక కుట్టుమిషను.
ఆడవాళ్ళకి సున్నా టిక్కెట్టు.
సున్నా అయినా కొట్టాలి, సున్నా అయినా లెక్కే.
కాగితం చుట్ట అయిపోతుంది,
ఫోను మోగుతుంది, డ్వాక్రా లీడరు,
వెనకనుంచి ఎవడో "రైట్ రైట్" అంటాడు
నేను అనకముందే.

ఆమధ్య ఒకరోజు
నించున్నచోటే ఊపిరందలేదు.
ఎవరిదో మోచెయ్యి అనుకున్నాను.
మోచెయ్యి కాదు.
లోపల
ఎవరూ దిగడం లేదు,
అందరూ ఎక్కుతున్నారు.

కళింగపట్నం చివరి స్టాపు.
అక్కడ మాకు ఏడు నిమిషాలు.
గురువునాయుడు టీకి పోతాడు.
నేను సీట్ల కింద చూస్తాను:
మరిచిపోయిన గొడుగు, పల్లీ పొట్టు,
ఓసారి ఒక పళ్ళసెట్టు.
మూడేళ్ళుగా ఇదే రూటు.
సముద్రం వినపడుతుంది.
వెళ్ళి రావడానికి ఏడు నిమిషాలు చాలవు.

మొన్న మంగళవారం వెనక టైరు పోయింది.
మెకానిక్ వచ్చేసరికి గంట పడతాదన్నాడు గురువునాయుడు.
"పోయి సూసి రా తల్లీ, ఎన్నాళ్ళని ఇంతావు?"

చెప్పులు చేత్తో పట్టుకుని,
సంచి భుజానే ఉంది, సర్కారు డబ్బు, దించకూడదు,
పోయాను.

అందమని ఏమీ అనిపించలేదు, నిజం.
ఎండ, ఎండుచేపల వాసన,
చిరిగిన నైలాను వలని
కాలి బొటనవేలికి తగిలించి కుడుతున్న ముసలాయన
నా ఖాకీ చొక్కా చూసి
"బస్సుందేటి?" అన్నాడు.
"లేదు" అన్నాను.
ఆ మాట అనడం బాగుంది.
ఇంకోసారి అన్నాను,
ఎవరూ అడక్కుండానే.

కూర్చున్నాను.
అలవాటు కదా, ఒడ్డెక్కే అలల్ని లెక్కపెట్టాను.
ముప్పై ఎనిమిది దాకా బాగానే వచ్చాయి.
ముప్పై తొమ్మిదోది ఎక్కిందో
వెనకదాంట్లో కలిసిపోయిందో తెలీలేదు.
లెక్క తప్పింది.
చుట్టూ చూశాను.
ఎవరూ రిపోర్టు రాయలేదు.
మళ్ళీ మొదలెట్టాను, మళ్ళీ తప్పింది.
మూడోసారి కావాలనే తప్పాను.
ఏడుపొచ్చింది. రానిచ్చాను.
ఎక్కిన ప్రతిదీ ఎక్కడో ఓచోట
దిగాలి కదా.

తిరుగు ట్రిప్పులో ఫోను.
మోటారు కట్టలేదంట, ట్యాంకు పొర్లి
పక్కింటి నీలవేణి అరిచిందంట.
చిన్నోడి సైన్సు బొమ్మకి థర్మాకోలు రేపే కావాలంట.
సరే అన్నాను.
అన్నాక గుర్తొచ్చి
"అన్నానికి ముందేసే మాత్ర ఉంది చూడు,
ఆ అట్టమీద పెన్నుతో గీత గియ్యి నాన్నా" అన్నాను.
ఏడాదిగా తోచని పని.

రాత్రి డిపోలో సంచి బోర్లించాను.
నాణేల వెంట
గుప్పెడు ఇసుక పడింది బల్లమీద.
బెహరాగారు కళ్ళజోడు పైకి తోసి
"ఇదేటమ్మా?" అన్నారు.
"చిల్లర" అన్నాను.

ఆయన నవ్వలేదు.
నాణేలు అటు లాక్కుని
ఇసుక నావైపు నెట్టారు.
పదకొండు రూపాయలు తక్కువొచ్చింది.
నా పర్సులోంచి కట్టాను.
ఇసుక
గింజ వదలకుండా
సంచిలోకి ఊడ్చుకున్నాను.