పది బస్తాలకు రూపాయి

ఎనుమాముల యార్డుల
మిర్చి ఘాటుకు తుమ్ముకుంటనే
రేకుల షెడ్డు కింద మంచం వేసినం,
ఈసీజీ మిషనుకు వైరు గుంజినం.

హమాలీలకో డబ్బా ఉన్నదిక్కడ.
పాత డాల్డా డబ్బా, మూతకు సందు, పక్కకు తాళం.
పది బస్తాలు మోస్తే రూపాయి.
దుగ్గొండి పిల్లగాని గుండెల రంధ్రానికి
పట్నం ఛార్జీలు దాంట్లకెల్లే పోయినయి.

తాళంచెవి ఓదెలు మొలతాడుకుంటది.
అందరిని లైన్ల నిలవెట్టి
"నాకేమైంది, గ్యాసు" అన్నడు.
దవడ గుంజుతున్నదని
పొద్దున రెండు సోడాలు తాగిండట.

బలవంతంగ పండవెట్టిన.
తడిగుడ్డతోని ఛాతీ తుడిస్తే
గుడ్డంత ఎర్రగైంది.
నెత్తురు కాదు, కారం.

కాయితం మెల్లగ బయటికొచ్చింది.
దిగాల్సిన కాడ గీత దిగలే,
గుట్ట లెక్క లేచి నిలవడ్డది.
డాక్టరమ్మ గోలీ నమలమన్నది.
ఇంకేం మాట్లాడలే, ఫోన్ తీసింది.

స్ట్రెచర్ మీద
మొలతాడు తడుముకొని
తాళంచెవి నా చేతుల వెట్టిండు.
"నా పేరు రాయకుర్రి మేడం,
అవి పిల్లగాండ్లయి."

ఎవరిన్నరు!
బండి ములుగు రోడ్డెక్కకముందే
డబ్బా బోర్లిచ్చినం.
నోట్లకు కూడ కారమే.
లెక్కవెడుతుంటే కండ్లు మండినయి,
తుడుచుకుంటే ఇంక మండినయి.

అప్పుడొచ్చి మంచమెక్కిండు
లైన్ల ఆఖరుకున్న రాజలింగు.
చొక్కా గుండీలు విప్పుకుంట,
నన్ను చూడకుంట:
"నాక్కూడ గుంజుతది మేడం, దవడ.
చెప్పలే."