చిల్లర బాకీ

ఆదోని డిపోలో రాత్రి పదింటికి
క్యాష్ కౌంటర్ జాలీ ముందు నిలబడి
నోట్లన్నీ ఒకే మొగంగా పేర్చుకుంటా.
పదులు, ఇరవైలు, చెమట పట్టిన యాభైలు,
మిరపకాయ ఘాటు అంటిన ఐదొందల నోటు ఒకటి.
పన్నెండు రూపాయలు తక్కువొచ్చింది.
నా పర్సులోంచే తీసి పూడ్చినా.
పదకొండేళ్ళుగా నాకు తెలిసిన ఆడిట్ ఇదే.

బ్యాగు అడుగున, టిఫిన్ గిన్నె కింద
మడతలు పడిన ఫారం.
సీఎంఏ ఇంటర్. రెండు గ్రూపులు, ఎనిమిది పేపర్లు.
పుట్టిన తేదీ గడి నింపినా.
‘ప్రస్తుత వృత్తి’ కాడ పెన్ను ఆగింది.
కండక్టరని రాయడానికి సిగ్గై కాదు,
‘ప్రస్తుత’ అన్న మాటకే భయమేసింది.
అంటే ఇంకోటి ఉంటుందనేగా.

మద్దిలేటన్న స్టీరింగ్ మీంచి చెయ్యి తియ్యకుండానే అన్నాడు:
“నెల తిరిగితే జీతం పడే ఉద్యోగం, ఉరుకుందమ్మా.
ముప్పై ఏడేళ్ళకు ఇంగ సదువేంది?”
ఆయన చెప్పింది తప్పని నేననలేదు.
మోకాళ్ళు అన్నాయి.
ఆలూరు రోడ్డు గుంతల్లో నిలబడిన మోకాళ్ళు.
తరుగుదల అని ఒక పాఠం ఉండేది డిగ్రీలో,
యంత్రానికి ఏటా ఇంతని కొట్టేస్తారు.
నా మోకాళ్ళకు ఎవరూ కొట్టలేదు,
డిపో పుస్తకాల్లో అవి ఇంకా కొత్తవే.

నేను చదివింది తెలుగు మీడియం.
చిట్టా, ఆవర్జా, అంకణా:
అవ్వల పేర్లలాంటి మాటలు.
సెకండ్ హ్యాండ్‌లో కొన్న లావు పుస్తకంలో
ఆ అవ్వలంతా ఇంగ్లీషు పేర్లు పెట్టుకుని కూర్చున్నారు.
గుర్తుపట్టడానికే వారం పట్టింది.
ట్రయల్ బ్యాలెన్స్ అంటే ఎవరో అనుకుంటి,
మా అంకణానే!

పోయిన సోమవారం, ఆఫ్ నాడు
మార్కెట్ యార్డు పక్కన ఆడిటర్ ఆఫీసుకు పోయినా.
నాగవేణి అని ఇరవై మూడేళ్ళ పిల్ల
పత్తి మిల్లు ఓచర్లకు రంధ్రాలు పొడుస్తా చెప్పింది:
“నిజం చెప్పనా అక్కా, నాకు ఒక్క గ్రూపే నాలుగుసార్లు పట్టింది.
పాసైనాక కూడా ఈ ఊర్లో మొదట్లో ఇచ్చేది
నీ జీతంలో సగం.
ప్రతి పేపర్లో నలభై రావాల, మొత్తం మీద యాభై.
ఒకదాంట్లో ముప్పై తొమ్మిదొస్తే
మిగతా వాటిలో ఎంతొచ్చినా గ్రూపు పోయినట్టే.”

ఆ లెక్క విని నవ్వొచ్చింది.
డ్యూటీ, వంట, ఏడో తరగతి కొడుకు,
అత్త షుగర్ మాత్రలు,
మగ్గం ఆగినాక బట్టల షాపులో నిలబడే మా ఆయన.
రోజూ రాసే పరీక్ష అదే కదా.
నిన్న కొడుకు పేపర్లో ముప్పై ఎనిమిది.
నిద్రలో ఎప్పుడో ఫెయిలు.

ఎందుకు నీకిది, అని మా ఆయన అడిగినాడు.
కోపంగా కాదు, తెలుసుకుందామని.
జీతం కోసం అంటే అబద్ధం. పేరు కోసం అంటే సగం అబద్ధం.
నా చేతుల మీదుగా పోయే రూపాయి
ఆ తర్వాత యాడికి పోతాదో చూడాలని ఉంది.
జాలీకి అవతలి పక్క కూర్చోవాలని ఉంది.
ఇంత చిన్న కోరికకు ఎనిమిది పేపర్లా అంటే
అవునేమో. కాదేమో.

అంకణా కలవకపోతే
తేడాను అనామతు ఖాతాలో వెయ్యమనేవాడు మా కామర్స్ సారు.
తప్పు దొరికేదాకా అక్కడే ఉండనీ అనేవాడు.
పదహారేళ్ళు.
నన్ను నేను అక్కడ వేసి మరిచిపోయినా.

ఇయ్యాల మొదటి ట్రిప్పు.
ఆడోళ్ళకు సున్నా టికెట్లు కొడతాండా.
ధర లేదు, లెక్కలో మాత్రం మనిషి.
పత్తి ఏరే కూలికి పోయే ముసలామె
ఆ సున్నాను కూడా రెండు మడతలు పెట్టి
రవికెలో దాచుకుంది.

ఒకాయన నూరిచ్చినాడు. చిల్లర లేదు.
టికెట్టు వెనక అరవై అని రాసి, కింద గీత గీసి,
దిగేటప్పుడు అడిగి తీసుకో అన్నా.
శానామంది మరిచిపోతారు.
బస్సు కదిలినాక గుర్తొచ్చి
దుమ్ములో చెయ్యి ఊపుతా పరిగెత్తుతారు.
నేనప్పటికే రైట్ అనేసుంటా.

ఫారానికి ఆఖరి తేదీ ముప్పై ఒకటి.
ఈ పొద్దు ఇరవై తొమ్మిది.

ఎమ్మిగనూరు వస్తాంది.
అరవై రావాల్సినాయన
కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు.
సీట్ల మధ్యలోంచి పోయి భుజం తట్టినా:
అన్నా, లెయ్యి. నీ చిల్లర.