ఏడు మీటర్లు, ఒక జానెడు

టేపు కొస కంచెకు తగిలించి
వంటింటి గోడదాకా లాగాను.
ఏడు మీటర్లు, ఒక జానెడు.
నలభై మీటర్ల బ్యాండుకి సగం అలంటే
ఇరవై మీటర్ల తీగ.
హార్లింగెన్ రేవులో మా వీధి కట్టినవాళ్ళు
పీపాలో ఉప్పుచేపల్లా ఇళ్ళు సర్దారు,
అలలకు చోటు వదల్లేదు.

ముందు నిలువు గొట్టం అనుకున్నాను.
దానికి నేలలో వేళ్ళు కావాలి,
పదహారు రాగితీగలు, నలువైపులా.
వీబ్రెన్ పార అందుకున్నాడు,
తన ఉల్లిమడి వంక చూశాడు,
పార మళ్ళీ గోడకానించాడు.
అదే అతని ఓటు.

తర్వాత రింగు.
మీటరు వెడల్పు, జల్లెడ చట్రంలా ముచ్చటైనది.
కాకపోతే ఫ్రీక్వెన్సీ వెంట్రుకవాసి జరిగినా మూగనోము,
వానలో లేచివెళ్ళి కండెన్సరు తిప్పి బతిమాలాలి.
మాట్లాడుతుండగా ముట్టుకుంటే చురుక్కున కాలుస్తుంది.
అలాంటి మనిషితో ఇరవై రెండేళ్ళు
ఒకే ఫెర్రీలో పనిచేశాను. చాలు.

ఇక మిగిలింది ఉత్త తీగ.
అటక కిటికీ నుంచి కంచెదాకా ఏడు,
అక్కణ్ణుంచి...
అక్కణ్ణుంచి బౌక్యే వాళ్ళ పియర్ చెట్టు.

పదకొండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు.
ఎందుకో చెబితే నవ్వుతారు:
ఒక పిల్లి, మూత పెట్టని పెయింటు డబ్బా.
నూట నలభై దేశాలతో మాట్లాడాను,
వాళ్ళు పంపిన కార్డులు మెట్ల గోడంతా అంటించాను.
కంచె అవతలిది ఒక్కటీ లేదు.

తీగచుట్ట చేత్తో పట్టుకునే వెళ్ళాను,
ఖాళీ చేతులతో ఏం మాట్లాడాలో తెలీక.
"కొమ్మకి మేకు కొట్టకు" అంది.
అంతే అంది.
నేను తాడుతో కుస్తీ పడుతుంటే కాసేపు చూసి
నా చేతిలోంచి లాక్కుని తనే ముడేసింది,
వాళ్ళ నాన్న వలలకు వేసే ముడి.
చెట్టు దాటి ఎనిమిది మీటర్లు,
మిగతా ఐదూ ఆమె సైకిల్ షెడ్డు మూలకి వేలాడింది.
మూడు చోట్ల వంగిన తీగ.
మీటరు ఒకటీ పాయింటు ఆరు చూపింది,
వంకర తీగకి అది మర్యాదే.

ఆమె చెట్టుకి గాలి తగిలితే
ఇక్కడ నా ముల్లు కదులుతుంది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం
ఆకు కదలకుండానే ముల్లు ఊగింది.
నిచ్చెన వేసుంటుంది, కాయలకి.
మోర్స్ కీ మీంచి చెయ్యి తీసేశాను.
ఫారో దీవుల్లో ఎవరో
సన్నగా నా కాల్‌సైన్ పిలుస్తున్నాడు,
మళ్ళీ, మళ్ళీ.
ఉండవయ్యా,
ఆవిడ దిగనీ.