టౌనా, జంక్షనా?

పందొమ్మిదేళ్ళుగా నేనడిగే మొదటి మాట ఇదే.
పేరడగను, ఊరడగను.
టౌనా, జంక్షనా?
తెలిసినవాళ్ళు చటుక్కున చెప్పి ఎక్కేస్తారు.
తెలియనివాళ్ళు నా మొహంలోకి చూస్తారు,
భీమవరానికి రెండు మొహాలున్న సంగతి
నేనే దాచిపెట్టినట్టు.

రెండూ పసుపు బోర్డు మీద
ముందు భీమవరం అనే రాసుకుంటాయి.
తేడా అంతా చివర్లో.
తొందరున్నవాడికి
చివరిదాకా చదివే ఓపికెక్కడిది?

టౌను ముందు, తెల్లారకుండానే,
థర్మాకోల్ పెట్టెల దొంతర్లు.
ఐసు కరిగి మెట్లదాకా సన్నటి కాలవ.
పంచె ఎత్తిపట్టి దాన్ని దాటుతాడు
వాయిదాకి పోయే పెద్దాయన.
ఉండి నించి పాసింజరులో దిగుతారు షెడ్డు ఆడవాళ్ళు,
వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని దయామణి ముందు,
వెనక పదకొండు మంది.
నా ఆటో ఎక్కరు. నడిస్తే పది రూపాయలు మిగులుతాయి.
"ఆగిపోతే చెప్పు, తోసిపెడతాం" అని నవ్విపోతారు.

జంక్షను అలా కాదు.
అర్ధరాత్రి దాటాక అక్కడ
కుక్కలకి కూడా టైంటేబుల్ తెలుసు.

పోయిన ముసురులో
టౌనులో దిగాడో ఒడియా కుర్రాడు.
భుజాన గోనెసంచి,
చేతిలో చీటీ, అక్షరాలన్నీ నీళ్ళై.
ఫోను నా చెవికి ఆనించాడు.
అవతల వాళ్ళన్న, రొయ్యల షెడ్డులో ఐసు కొడతాడు.
అతని తెలుగుకి తొమ్మిదో నెల, ఇంకా పాకుతోంది.
"స్టేషన్ ముందే ఉన్నా! బోర్డు కిందే ఉన్నా!"
ఇటు వీడూ బోర్డు కిందే.
ఇద్దరూ నిజమే చెబుతున్నారు.
నిజం రెండు చోట్ల ఉంటే
మధ్యలో కిరాయి నాది.

"కదలొద్దని చెప్పు మీ అన్నకి" అన్నాను.
ఏం విన్నాడో, ఏం చెప్పాడో.

యనమదుర్రు వంతెన దాటామో లేదో గేటు పడింది.
గూడ్సు.
పెట్టెలు లెక్కపెట్టడం నాకలవాటు,
ముప్ఫై దాకా వచ్చి తప్పిపోయాను.
పెట్టెకీ పెట్టెకీ మధ్య జానెడు సందు,
ఆ సందులో అవతల పోశిబాబు ఆటో,
ఒంటికన్ను దీపం, అందుకే గుర్తుపట్టాను.
దాన్లోంచి మెడ చాపి ఎవరో.
ఒక సందులో నుదురు.
ఇంకో సందులో చెయ్యి.
తర్వాతి దాన్లో ఏమీ లేదు, వాన.
ఆ తర్వాత గేటు పట్టుకుని మొత్తం మనిషి.

వెనక్కి తిరిగితే నా సీటు ఖాళీ.
కుర్రాడు అప్పుడే ఇటు గేటు దగ్గర,
అరుస్తున్నాడు,
చక్రాలు ఆ అరుపుని తరిగి తరిగి
అటు పడేస్తున్నాయి.

గేటు లేచింది. కౌగిలింతలేం లేవు.
పెద్దవాడు చిన్నవాడి నెత్తిన ఒక్కటిచ్చి
సంచి లాక్కున్నాడు.
పేచీ కిరాయి దగ్గరొచ్చింది.
నేనూ పోశిబాబూ చెరి సగం దారే వచ్చాం,
ఇద్దరం పూర్తి డబ్బులే అడిగాం.
తడుస్తూ పావుగంట.
వాడికి నలభై, నాకు నలభై,
షెడ్డు దాకా దింపే పని మాత్రం నాకే పడింది.
దారంతా ఒకడు మాట్లాడుతూ, ఒకడు ముక్కు చీదుతూ,
సీటు నిండా ఐసునీళ్ళు, ఉప్పు, రొయ్యతల వాసన.

మర్నాడు పట్టుచీర ఆవిడొకరు ఎక్కి
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.
"ఏవయ్యా, రాత్రి రొయ్యలు వేశావేంటి దీన్లో?"
"లేదండీ, అన్నదమ్ముల్ని" అన్నాను.
టౌనో జంక్షనో అడగడం మరిచి
పోనిచ్చాను.