ఓటు

పీపా పూర్తయ్యాక నీళ్లు నింపి
ఒక రాత్రంతా వదిలేసేవాడు ఇస్బిస్టర్ మేస్త్రి.
పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని
అడుగంతా అరచేత్తో తడిమేవాడు.
చెయ్యి తడిసిందా, ఓటు.
ఓటు పీపా అమ్మడం దొంగతనంరా అనేవాడు.
అప్పటికి నాకు పదమూడేళ్లు. డనీడిన్‌లో ఎప్పుడూ వాన.

ఆర్క్‌నీ దీవుల మనిషి. చెట్టన్నదే సరిగా మొలవని చోట
చెక్కపని ఎలా అబ్బిందో చెప్పేవాడు కాదు.
ఉప్పుచేపల పీపాలు చేసి చేసి
చేపలు రాని ఒక ఏడాది ఓడెక్కాడు.
నూట పది రోజులు.
దిగేటప్పటికి ఆస్తి: ఒక బాడిస, ఒక చిత్రిక,
నాలుగే వేళ్లున్న ఎడమచెయ్యి.

కొట్టు పెట్టిన నెలకి గానీ బోణీ కాలేదు.
చేసినవాడు చౌ కిట్,
గనుల దారిలో కూరలమ్మేవాడు.
ముల్లంగి ఊరవెయ్యడానికి రెండు పీపాలు కావాలని
గాజుబుడ్డి వంచి బంగారు రజను తూచాడు.

మేకు లేదు, జిగురు లేదు,
బద్దకి బద్ద ఆనుకుని నిలబడాలి,
బిగించే కట్టొక్కటి చాలు.
ఇది నాకు నేర్పిన పాఠం.
పదేళ్ల తర్వాత సారాకొట్టు ముందు బండెక్కి
"మన వలసదేశమూ ఒక పీపాయే!" అన్నాడు.
టోపీలు గాల్లోకి లేచాయి.
పదిహేడు ఓట్లతో గెలిచాడు.
కోటు కుట్టించుకున్నాడు, ఎడమ జేబు కాస్త లోతుగా.

వెల్లింగ్టన్ నించి ఒక రాత్రి తంతి వచ్చింది:
చైనావాళ్లు ఎవరు దిగినా తలకి పది పౌన్లు.
మా మేస్త్రి అవునన్నవాళ్ల గుమ్మంలోంచి నడిచాడట.
కొట్లో కొత్త పీపా తెరిచారు. నేను కట్టిందే.
నేనూ జేజేలు కొట్టాను.
ఎందుకంటే ఏం చెప్పను, అందరూ కొడుతున్నారు.

సభ ముగిసి ఆయన ఇంటికొచ్చిన వారం
చౌ కిట్ పాత పీపా దొర్లించుకొచ్చాడు.
కట్టు వదులైంది. తమ్ముడు సిడ్నీ రేవులో
ఆగిపోయాడని ఊళ్లో అప్పటికే తెలుసు.
ఆ మాట అతనెత్తలేదు.
మేస్త్రి కోటు విప్పి తనే సుత్తి అందుకున్నాడు.
డబ్బులొద్దన్నాడు.
చౌ కిట్ దాగలి మీద ఒక షిల్లింగూ నాలుగు పెన్నీలూ
ఒక్కొక్కటే పెట్టి,
"నీళ్లు పోసి చూస్తారుగా?" అన్నాడు.

పోశాం.
తెల్లారి నేను తలుపు తీసేసరికి
గౌరవ సభ్యుడు ఇస్బిస్టర్ కోటుతోనే మోకరించి
పీపా అడుగున చెయ్యి పెట్టి ఉన్నాడు.
ఎంతసేపటినించో.
నేను అడగలేదు.

తర్వాత మంత్రయ్యాడు, ఒక వీధికి పేరయ్యాడు.
అదంతా మీకు ఎవరైనా చెబుతారు.

చౌ కిట్ మధ్యాహ్నం దాకా రాలేదు.
నేనే దొర్లించుకుంటూ బయల్దేరాను, ఎగుడుదారి.
సరిగ్గా వంపలేదేమో,
అడుగున మిగిలిన నీళ్లు
అతని గుమ్మం దాకా గుడగుడమంటూనే ఉన్నాయి.